నా కరోలా చివరి దసరా

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ మేస్త్రీ. సొట్టపడ్డ డోర్లు, నలిగిన బానెట్లు సుత్తితో తట్టి తట్టి మళ్ళీ మామూలుగా చేయడం ఆయన పని. నలభై ఏళ్ళుగా అదే చేస్తున్నారు. అలాంటాయన కొడుకుని నేను, మొన్న అక్టోబర్‌లో నా కారుని నా చేతులతోనే గుద్దించుకోవడానికి రెడీ చేశాను. అదీ సరిగ్గా దసరా వారంలో. ఆ సంగతి ఆయనకి ఎలా చెప్పాలో తెలియక మూడు వారాలు దాచాను.

నేనుండేది అమెరికాలో, ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో. చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కారు 2002 మోడల్ కరోలా. ఎమ్మెస్‌కి వచ్చిన కొత్తలో నలుగురు రూమ్మేట్లం డబ్బులేసుకుని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. బియ్యం బస్తాలు మోసింది అదే, ఇంటర్వ్యూలకి తీసుకెళ్ళిందీ అదే. మిగతా ముగ్గురూ ఉద్యోగాలొచ్చి తలో ఊరికీ వెళ్ళిపోయారు. కారు నాకు మిగిలింది. ఇక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు కారు అడుగుభాగాన్ని కొంచెం కొంచెంగా తినేస్తుంది. రిపేర్‌కయ్యే ఖర్చు కారు ఖరీదుని ఎప్పుడో దాటేసింది. ఇక తుక్కుకి ఇచ్చేయడమే అనుకుంటుంటే, మా టీమ్‌లో ఒకతను ‘‘డెర్బీకి ఇవ్వకూడదూ?’’ అన్నాడు.

డెమోలిషన్ డెర్బీ అంటే ఏంటో తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతా. చిన్న మైదానం. చుట్టూ గట్టు. మధ్యలో పాత కార్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. చివరిదాకా కదులుతూ ఉన్న కారు గెలిచినట్టు. ఎవరు మొదలెట్టారన్న దాని మీద వాదనలున్నా, ఎక్కువగా వినపడే పేరు లారీ మెండెల్సన్. రేసు కంటే యాక్సిడెంట్లు చూడ్డానికే జనం ఎగబడుతున్నారని గమనించి, 1958లో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లోని ఇస్లిప్ స్పీడ్‌వేలో ఈ పోటీ పెట్టాడట. అప్పట్లో పెద్ద పెద్ద కార్లే దిగేవి. 1964-66 మధ్య వచ్చిన క్రిస్లర్ ఇంపీరియల్ ఎంత గట్టిదంటే, చాలా చోట్ల దాన్ని పోటీలోకే రానివ్వరు. ఇప్పుడు ఆ పాత కార్లు దొరకడం తగ్గిపోయింది. అందుకే నా కరోలా లాంటి నాలుగు సిలిండర్ల బుల్లి కార్లకి విడిగా కాంపాక్ట్ క్లాస్ అని పెడుతున్నారు.

మా టీమ్ అతనిది లాంకెస్టర్. కొలంబస్ నుంచి 33వ నంబర్ హైవే మీద ఆగ్నేయంగా ముప్పావు గంట ప్రయాణం. గాజు గ్లాసులు, గిన్నెల తయారీకి పేరున్న ఊరు. ఫెయిర్‌ఫీల్డ్ కౌంటీ జాతర జరిగేది అక్కడే. ఒహాయోలో 88 కౌంటీలున్నాయి. జాతరలు వేసవిలో మొదలై ఒక్కో ఊళ్ళో అవుతూ వస్తే, అన్నిటికంటే చివర, అక్టోబర్‌లో జరిగేది లాంకెస్టర్‌ది. మైదానం వెనకే మౌంట్ ప్లెజెంట్ అనే రాతి కొండ నిలబడి ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు ఇంద్రకీలాద్రి గుర్తొచ్చింది. కొండ కింద జనం, తినుబండారాల వాసన, మైకు గోల. దసరాకి మా ఊరు ఇలాగే ఉంటుంది మరి!

మా టీమ్ అతని తండ్రి పాతికేళ్ళుగా డెర్బీ కార్లు తయారుచేస్తున్నారు. ఇంటి వెనక మొక్కజొన్న చేను, దాని పక్కన రేకుల షెడ్డు. షెడ్డులో గ్రీజు, కాలిన ఇనుము కలిసిన వాసన. ఆ వాసనకి నాకు పదేళ్ళ వయసు వచ్చేసింది. ఆటోనగర్‌లో నాన్న షాపు వాసన అదే. ‘‘నీ చేతికి ఈ మసి అంటకూడదురా’’ అని నన్ను బీటెక్ చదివించిన షాపు అది.

గుద్దించుకునే కారే కదా, పెద్ద పనేముంటుంది అనుకున్నా. మూడు శనాదివారాలు పట్టింది.

మొదటి పని గాజు తీసేయడం. ముందు అద్దం, వెనక అద్దం, డోర్ల అద్దాలు, లైట్లు, మిర్రర్లు, అన్నీ. పెంకు ముక్క ఒక్కటి కూడా డోర్ల లోపల మిగలకూడదని పెద్దాయన వ్యాక్యూమ్ పెట్టించారు. తర్వాత వెనక సీటు, కార్పెట్లు, ప్లాస్టిక్ అంతా బయటికి. నిప్పు అంటుకునేది ఏదీ ఉండకూడదు. బ్యాటరీ వైరు పీకి, కాసేపు ఆగి ఎయిర్‌బ్యాగులు తీశాం. ఏసీ గ్యాస్ గాల్లోకి వదిలితే ఇక్కడ చట్టరీత్యా నేరం. అందుకే ఆ పని ముందే ఒక షాపులో చేయించుకొచ్చా. రేడియేటర్‌లో కూలెంట్ విషం కాబట్టి, దాన్ని డబ్బాల్లోకి పట్టేసి మామూలు నీళ్ళు పోశాం.

అసలు పెట్రోల్ ట్యాంకు తీసేసి, పడవలకి వాడే చిన్న ట్యాంకు తెచ్చి వెనక సీటు ఉండే చోట పట్టీలతో బిగించాం. వెనక నుంచి గుద్దినా అది నలగకూడదు. పంపుని ఆపేసే స్విచ్ ఒకటి, బయటివాళ్ళకి కూడా అందేలా పెట్టాం. బ్యాటరీని ఇంజిన్ దగ్గర్నుంచి తీసి పక్క సీటు ఉండే చోట నేలకి బిగించాం. బానెట్‌కి పెద్ద కన్నం కోశాం. మంటలొస్తే అందులోంచి నీళ్ళు కొట్టాలి. ఆ బానెట్ లేచి నా మొహం మీదికి రాకుండా ముందు అద్దం ఉండే చోట ఇనుప కడ్డీలు. డోర్లు ఊడిపోకుండా గొలుసులు. నా సీటు వెనక అడ్డంగా ఒక ఇనుప పైపు. డ్రైవర్ డోర్‌కి బయట పలక కొట్టి తెల్లరంగు వేశాం. ఆ తెలుపు మీదికి ఎవరూ గుద్దకూడదు. అది రూల్.

అప్పుడర్థమైంది. నడిపే కారుని మనం ఇంత ముట్టుకుని చూడం. పగలగొట్టడానికి చేస్తున్న పని అనుకున్నా గానీ, పనంతా లోపల కూర్చునే మనిషి కోసమే.

శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నర. మర్నాడే పోటీ. ఫోన్ మోగింది. నాన్న, వీడియో కాల్. అక్కడ తెల్లారి ఏడు, దసరా. ఆటోనగర్‌లో ఆయుధపూజ సందడి. సుత్తులకి, గ్యాస్ వెల్డింగ్ సెట్టుకి పసుపు కుంకుమలు పెట్టి చూపిస్తున్నారు. ‘‘నీ కారుకి నిమ్మకాయలు పెట్టావా? ఏదీ, చూపించు’’ అన్నారు.

ఇక దాచలేకపోయా. కెమెరా తిప్పా.

అద్దాల్లేని, లైట్లు ఊడిపోయిన, గొలుసులు చుట్టిన కరోలా. నాన్న మొహం మారిపోయింది. ‘‘ఎప్పుడు జరిగింది? నీకేమన్నా తగిలిందా?’’

యాక్సిడెంట్ కాదని, ఇది ఒక ఆట అని చెప్పా. తుక్కుకి పోయే కారేనని చెప్పా. ఏమీ మాట్లాడలేదు. వెనక ఎవరో గుమ్మడికాయ కొట్టిన చప్పుడు వినపడింది. తిడతారనుకున్నా. తిట్టినా బాగుండేది.

చాలాసేపటికి అడిగారు. ‘‘రేడియేటర్ ముందే ఉందా?’’

‘‘ముందే. అందుకే వెనక్కి నడుపుతూ, వెనక వైపుతో గుద్దాలి నాన్నా.’’

‘‘ఊఁ. సీటు చూపించు.’’

బోల్టులు టైట్‌గానే ఉన్నాయని చూపించా. ‘‘బోల్టులు సరే. అవి పట్టుకున్న రేకు సంగతేంటి? ఇన్నాళ్ళూ మంచు బూట్లతో ఎక్కావు. ఆ ఉప్పునీళ్ళన్నీ ఎక్కడికి పోతాయి? ఆ నల్ల షీటు లేపి స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు.’’

చప్పుడు రాకుండా నేలకి అతికించే తారు షీటు అది. దాని మీద కార్పెట్ తీశాం గానీ దాన్ని కదపలేదు. అంచు లేపి, డోర్ వైపు బోల్టు పక్కన పొడిచా. స్క్రూడ్రైవర్ అప్పడంలోకి దిగినట్టు దిగింది. కింద షెడ్డు నేల కనపడింది.

పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చుని ఆ కన్నంలో వేలు పెట్టి చూశారు. ఏమీ అనలేదు. లేచి వెళ్ళి మందపాటి ఇనుప పలక, వెల్డింగ్ మెషీన్ తెచ్చారు. ఫోన్‌ని డబ్బా మీద నిలబెట్టా. నాన్నకి ఇంగ్లీష్ రాదు, ఆయనకి తెలుగు రాదు. మధ్యలో నేను. ‘‘గట్టి రేకు దాకా పలక సాగమను’’, ‘‘కింద కూడా ఒక పలక వేయమను, శాండ్‌విచ్ లాగా.’’ ఒకసారి నేను చెప్పేలోపే పెద్దాయన తలూపి ఆ పని మొదలెట్టేశారు. రాత్రి పన్నెండున్నరకి అయింది. అప్పటిదాకా నాన్న లైన్‌లోనే ఉన్నారు, పండగపూట టిఫిన్ కూడా చేయకుండా.

ఆఖర్న ‘‘ఇప్పుడు నిమ్మకాయలు పెట్టు’’ అన్నారు. నాలుగు చక్రాల కింద నాలుగు పెట్టా. బూడిద గుమ్మడికాయ దొరక్క, రోడ్డు పక్కన అమ్మే కాషాయం రంగు గుమ్మడికాయ తెచ్చి దిష్టి తీశా. పెద్దాయన టోపీ తీసి పట్టుకుని నిలబడ్డారు.

శనివారం సాయంత్రం. రోడ్డెక్కే కారు కాదు కాబట్టి ట్రైలర్ మీద తీసుకెళ్ళాం. అధికారులు ప్రతి వైరూ లాగి చూశారు. నా సీటు పట్టుకుని ఊపి, కింద పలకలు చూసి, చేత్తో బాగుందని సైగ చేశారు. కార్లు వేగం అందుకోకుండా మైదానమంతా నీళ్ళు కొట్టి బురద చేశారు. మా హీట్‌లో తొమ్మిది కార్లు. జనమంతా పది నుంచి వెనక్కి లెక్కపెట్టారు.

తర్వాతంతా చప్పుడే. వెనక్కి తిరిగి చూస్తూ వెళ్ళడం, గుద్దడం, ముందుకు రావడం, మళ్ళీ వెనక్కి. ఎర్ర కారొకటి ఎడమ వెనక చక్రం దగ్గర కొట్టింది. పళ్ళు అదిరాయి. ఇంకోటి ఎదురుగా వచ్చి బానెట్‌ని మడతపెట్టేసింది. రేడియేటర్ ఆవిరి కక్కింది. ముందు చక్రం పక్కకి ఒరిగింది. కదలమంటే మొరాయించింది. డోర్ దగ్గర కట్టిన చెక్క పుల్లని విరిచేశా. ‘ఇక నేను ఆడను’ అనడానికి అది గుర్తు. అప్పటికి ఇంకా మూడు కార్లే తిరుగుతున్నాయి. నాలుగో స్థానం. ప్రైజు లేదు.

కారుని లాక్కెళ్ళాక పక్కన నిలబడి చూశా. డిక్కీ వెనక సీటు దాకా వచ్చేసింది. బానెట్ గుడారంలా లేచింది. ఆరేళ్ళు నన్ను మోసిన కారు. కొంచెం గొంతు పట్టేసింది, అబద్ధమెందుకు!

నాన్నకి ఫోన్ చేశా. అక్కడ తెల్లవారుజాము. మొదటి రింగుకే ఎత్తారు. గెలిచావా అని అడగలేదు.

‘‘సీటు కదిలిందా?’’

‘‘లేదు నాన్నా.’’

‘‘అయితే పని బాగా చేశారు. ఆయనకి చెప్పు’’ అన్నారు.

చెప్పా. పెద్దాయన నవ్వి, మసి చేతిని ప్యాంటుకి తుడుచుకుని, ఫోన్ వైపు చెయ్యి ఊపారు.