వంటగది నడుమ ఒక బండ



మాది తాడిపత్రి దగ్గర ఒక పల్లె. వాన కోసం ఆకాశం వైపు చూస్తూ బ్రతికేవాళ్ళము. మా వంటగది ఎనిమిదడుగుల వెడల్పు, పది అడుగుల పొడవు. అందులో అత్తమ్మ, నేను.

పూర్వం ఇద్దరమూ నేల మీద కూర్చునే వండేవాళ్ళము. ప్రభుత్వం 1999లో ప్రారంభించిన దీపం పథకం క్రింద 2001లో మా ఇంటికి గ్యాస్ పొయ్యి వచ్చింది. గోడ వారగా గట్టు కట్టి పొయ్యిని దాని మీద పెట్టుకున్నాము. పొగ బాధ పోయింది, దేవునికి స్తోత్రము. కాని నేను లేచి నిలబడ్డాను, అత్తమ్మ నేల మీదనే ఉండిపోయింది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు, కూర్చుంటే లేవలేదు. గట్టు నిండా నా గిన్నెలే. నేను గోడ వైపు తిరిగి వండుతుంటే ఆమె మాటలు నా వీపుకే వినబడేవి.

“ఈ ఇంట్లో నాకు జాగా యాడుందిమ్మే?” అన్నది ఒకనాడు.

“నువ్వు ఊరికే కూర్చో అత్తా, నేను చేస్తాను కదా” అన్నాను. ఆ మాటలో ప్రేమ లేదు, విసుగు ఉన్నది. ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు. రేపటి నుండి పంచలో మూడు రాళ్ళు పెట్టుకొని వేరే వండుకుంటానన్నది. కుటుంబ ప్రార్థనలో నాకు నోరు రాలేదు.

అది 2002, కరువు సంవత్సరము. శనక్కాయ పంట పోయి మా వారు తాడిపత్రిలో బండలు పాలిష్ చేసేచోట కూలికి పోతున్నారు. గది పెంచే శక్తి మాకు లేదు. మూల విరిగినందున కొనేవారు లేక పక్కన పడేసిన ఒక నల్లబండను ఆయన కొద్ది డబ్బులకే తెచ్చారు. కట్టేవాళ్ళు వద్దన్న రాయి మాకు పనికివచ్చింది!

ఇల్లు ఇరుకైన సహోదరీల కొరకు వివరంగా వ్రాస్తున్నాను. బండ మూడున్నర అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు. గట్టుకు ఎదురుగా రెండున్నర అడుగులు వదిలి, గది నడుమ ఇటుకలతో రెండు కాళ్ళు కట్టి దానిని పరిచాము. నిలబడి మోచేయి వంచితే, దానికి నాలుగైదు అంగుళాల దిగువన బండ ఉండాలి. నడుము నొప్పి రాదు. కాళ్ళ మధ్య ఖాళీలో పిండి డబ్బాలు, నీళ్ళ బిందె పడతాయి. మన నల్లబండ సున్నపురాయి జాతి కనుక చింతపండు, నిమ్మ పులుపు తగిలితే తెల్లమచ్చ పడుతుంది, వెంటనే తుడవాలి. అద్దె ఇంటివారు పాత కుట్టుమిషను ఇనుప స్టాండు మీద చిన్న బండ బిగించుకోవచ్చు.

ఒక ఎత్తు స్టూలు వేసి అత్తమ్మను కూర్చోబెట్టాను. ఆమె బండను అరచేత్తో తడిమి, “సల్లగుంది” అన్నది. జొన్నపిండి చల్లి రొట్టె తట్టసాగింది. నేను కాల్చసాగాను. ఇప్పుడు నేను ఇటు తిరిగితే ఆమె ముఖము ఎదురుగా ఉన్నది. “అత్తా, ఆరోజు నేనన్నది తప్పు” అన్నాను. ఆమె ఏమీ అనలేదు. మొదటి రొట్టె నా పళ్ళెంలో వేసింది. పంచలో రాళ్ళ మాట మళ్ళీ రాలేదు.

క్రమేణా మా వారు ఆ బండ దగ్గరే నిలబడి ఉల్లిపాయలు తరగడము, పిల్లలు వెల్లుల్లి ఒలవడము అలవాటయ్యింది. పట్నాల పెద్ద ఇళ్ళలో ఇలా వంటగది నడుమ కట్టేదాన్ని కిచెన్ ఐలాండ్, అనగా ద్వీపము అంటారట. ఆ పేరు వినగానే నాకు అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయము జ్ఞాపకమొచ్చింది. ఓడ పగిలి తడిసివచ్చిన వారికి మెలితే ద్వీపవాసులు నిప్పు రాజబెట్టి చోటిచ్చారు. అక్కడ పౌలు ఊరకుండలేదు, పుల్లలు ఏరి తెచ్చాడు. అపొస్తలుడే పొయ్యిలోకి పుల్లలేరగా, మన ఇంటి మగవారికి ఉల్లిపాయలు తరగడము చిన్నతనమా?

అత్తమ్మ 2015లో ప్రభువునందు నిద్రించింది. ఆమె చింతపండు గిన్నె పెట్టినచోట గుండ్రని మచ్చ ఒకటి బండ మీద మిగిలింది. పాలిష్ చేయిస్తే పోతుందన్నారు. నేను చేయించలేదు.

సహోదరీ, నీ వంటగది ఎంత చిన్నదైనా కానీ, అందులో ఎవరికి జాగా లేకుండా పోయిందో ఈరోజే చూడు. ప్రభువు మీ గృహములను దీవించును గాక. ఆమేన్.