దవడకి కాలి ఎముక వేస్తే మళ్లీ కొండెక్కగలరా?

పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

మా చిన్నాన్నకి కింది చిగుళ్ల దగ్గర పుండు ఎన్నాళ్లైనా మానలేదు. ఖైనీ అలవాటు చాలా ఏళ్లది. ముక్క తీసి పరీక్ష చేస్తే కేన్సర్ అని తేలింది. కింది దవడ కొంత తీసేసి, ఆ చోట కాలి ఎముక పెట్టాలన్నారు. ఊళ్లో ఈ మాట చెప్తే అందరిదీ ఒకటే ప్రశ్న: "కాలు కూడా పోతే కొండెక్కేదెలా? పోడు చేసేదెవరు?" కేన్సర్ కన్నా కాలి భయమే పెద్దదైపోయింది. ఆపరేషనే వద్దన్నవాళ్లూ ఉన్నారు. ఆయన వెంట ఉండి మేం అన్నాచెల్లెళ్లం ఇద్దరం చూసింది, తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

మోకాలి కింద రెండు ఎముకలుంటాయి. ఒళ్లు బరువు చాలావరకు మోసేది లోపలివైపు ఉండే లావు ఎముక. బయటివైపు సన్నగా ఉండేది ఫిబులా. దాన్ని కూడా మొత్తం తియ్యరు. చీలమండ పట్టు తప్పకుండా కింద సుమారు 6 సెంటీమీటర్లు, పైన మోకాలి దగ్గర కొంత వదిలేసి మధ్య ముక్క తీస్తారు. దాని రక్తనాళంతో సహా తీసి, దవడ వంపుకి సరిపడా కోసి, ప్లేట్లు, స్క్రూలతో బిగించి, ఆ నాళాన్ని మెడలోని నాళాలకి కుడతారు. 1989లో డేవిడ్ హిడాల్గో అనే అమెరికా సర్జన్ దవడకి ఈ పద్ధతి వాడి వివరించారు. పాదానికి మిగతా నాళాల నుంచి రక్తం బాగా అందుతుందని ముందే చూసుకున్నాకే ఆ కాలు ఎంచుకుంటారు.

చిన్నాన్న మొదట వాకర్ పట్టుకుని, తర్వాత కర్రతో నడిచారు. మూడో నెలకి చదును నేల మీద కర్ర వదిలేశారు. చెకప్‌కి వెళ్తే "నడుస్తున్నారా?" అని అడిగారు. నడుస్తున్నానన్నారు. బాగుందని రాసుకున్నారు. కానీ ఆస్పత్రి వరండా వేరు, మా ఇంటికెళ్లే రాళ్ల దారి వేరు. ఎక్కడం కన్నా దిగడం కష్టమైంది. బొటనవేలు కిందికి గట్టిగా నొక్కలేరు, ఎందుకంటే ఆ వేలిని వంచే కండరం ఫిబులాకే అంటుకుని ఉంటుంది. పాదం పైన కొంత మేర స్పర్శ తెలీదు, ముల్లు గుచ్చుకున్నా చూసుకోవాలి. గొంతుక్కూర్చోవడం, చలికాలం పొద్దున్న పట్టేసిన చీలమండ, ఇవి వేరే బాధలు.

ఈ సంగతులన్నీ విడమర్చి చెప్పాకే ఫిజియోథెరపీ ఆయన మెట్లు ఎక్కిదిగడం, ఒంటికాలి మీద నిలబడడం, కాలివేళ్లతో తువ్వాలు దగ్గరికి లాగడం నేర్పారు. ఇంటి దగ్గర రోజూ చేయించాం. ఏడాదికి గెడ్డ దాటి పోడుకి వెళ్తున్నారు. బరువు మోత తగ్గించారు, దిగేటప్పుడు వెదురు కర్ర ఉంటుంది. ధింసాలో చేతులు కలుపుతారు, గెంతే అడుగులు మాత్రం వెయ్యరు.

నిజం చెప్పాలంటే ఇప్పుడు ఆయన్ని ఎక్కువ బాధపెట్టేది కాలు కాదు, నోరు. రేడియేషన్ తర్వాత నోరు ఎండిపోతుంది. గట్టి తిండి నమల్లేరు, చోడి అంబలే ఎక్కువ. మాట ముద్దగా వస్తుంది కాబట్టి సంతలో పెద్దగా మాట్లాడరు. పక్కన కూర్చుని ఓపికగా వినేవాళ్లుంటే మాత్రం బాగా మాట్లాడతారు.

మీ ఇళ్లలో ఇలాంటి అవసరం వస్తే డాక్టరుని ఇవి అడగండి: ఏ కాలు తీస్తారు? ఎన్నాళ్లకి బరువు మోపొచ్చు? ఫిజియోథెరపీ ఎప్పుడు మొదలు? పళ్లు కట్టే వీలుందా? మన ఇల్లు కొండ మీదుందని, చేసే పని ఇదని ముందే చెప్పండి. అడక్కపోతే చదును నేల లెక్కే వేస్తారు.

నోట్లో పుండు రెండు మూడు వారాల్లో మానకపోతే ఆ మనిషిని వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. కాలి భయంతో ఎవరూ ప్రాణం వదులుకోకూడదు. మీ ఊరి పెద్దవాళ్లకి ఇది చదివి వినిపించండి, మన భాషలో చెప్తే ఇంకా మంచిది.