రాడ్డు మంచిదే, కరెంటే చాల్లేదు

ఈ పోస్టు నోటిఫికేషన్ల గురించి కాదు, ఇంట్లో కరెంటు గురించి. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

మాది అవుకు పక్కన సుగాలి తండా. నంద్యాలలో ఒకే హాస్టల్ రూములో ఉండి డిగ్రీ చదువుతున్నాం. ముగ్గురం, మూడు ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఓం సూత్రం ఇంటర్లో బాగానే రాశాం, మార్కులూ వచ్చాయి. అది మా ఇంటి ప్లగ్గులో కూడా ఉంటుందని సంక్రాంతి సెలవుల్లో చూశాం.

నంద్యాలలో 1500 వాట్ల వాటర్ హీటర్ రాడ్డు కొని ఇంటికి తీసుకుపోయాం. హాస్టల్లో బకెట్టు నీళ్లు అరగంటలో కాగుతాయి. తండాలో సాయంత్రం పెడితే దగ్గర దగ్గర గంట పట్టింది. యాడి ఒకటే నవ్వు. "మూడు కట్టెలు ఎగదోసింటే ఈపాటికి కాగిండేవి" అనింది. పక్కింటాయన రాడ్డు డూప్లికేటు అని తేల్చేశాడు.

అవుకులో మోటార్లు వైండింగ్ చేసే మామ దగ్గర క్లాంప్ మీటరు అడిగి తెచ్చాం. ఇది తీగను కోయకుండానే ఆంపియర్లు చూపిస్తుంది. కానీ ఒక్క తీగ చుట్టూనే వేయాలి. రెండూ కలిపి వేస్తే సున్నా చూపిస్తుంది, పోయే కరెంటు, వచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కాబట్టి. మామూలు మల్టీమీటరును ఆంపియర్లలో పెట్టి ప్లగ్గు రంధ్రాల్లో మాత్రం పెట్టొద్దు, చేతిలోనే పేలుతుంది.

తండాలో సాయంత్రం ఏడుకు 170 వోల్టులు, 4.8 ఆంపియర్లు. హాస్టల్లో 230 వోల్టులు, 6.5 ఆంపియర్లు. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం: రెండు చోట్లా 35 ఓంల పైచిలుకే వచ్చింది. అంటే రాడ్డు మారలేదు, డూప్లికేటూ కాదు. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే పవర్: హాస్టల్లో 1495 వాట్లు, తండాలో 816. వోల్టేజి నాలుగో వంతు తగ్గితే పవర్ సగానికి దగ్గరగా పడిపోయింది. ఎందుకంటే వోల్టులు తగ్గితే ఆంపియర్లు కూడా తగ్గుతాయి, దెబ్బ రెండుసార్లు పడుతుంది.

"లో వోల్టేజీలో బిల్లు తక్కువలే" అంటారు మా తండాలో. రాడ్డు విషయంలో అది కుదరదు. సగం పవర్, రెట్టింపు సేపు, బకెట్టుకు అదే ముక్కాలు యూనిట్టు. రోజుకు రెండు బకెట్లంటే నెలకు 45 యూనిట్లు. తండాల్లో, కాలనీల్లో ఉండే ఎస్సీ ఎస్టీ ఇళ్లకు 2019లో ఇచ్చిన ఉచిత కరెంటు నెలకు 200 యూనిట్లు కదా, అందులో ఒక్క రాడ్డే ఇంత తింటుంది. చూసుకోండి.

మోటారు కథ వేరే. రాడ్డు వోల్టులు తగ్గితే ఊరుకుంటుంది, మోటారు ఊరుకోదు. బోరులోంచి అదే నీళ్లు లాగాలి కాబట్టి ఎక్కువ ఆంపియర్లు గుంజుతుంది. వైండింగులో వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఆంపియర్లు మూడో వంతు పెరిగితే వేడి ముప్పావు వంతు పెరిగినట్టు. నాపరాళ్ల పాలిష్ మిషన్ల మోటార్లు, బోరు మోటార్లు మామ షాపు ముందు ఎందుకు వరుసలో ఉంటాయో అప్పుడు అర్థమైంది.

మాకు నిజంగా భయం వేసింది మాత్రం లూజు ప్లగ్గును చూసి. పిన్ను దగ్గర పట్టు లేక అర ఓం నిరోధం ఉందనుకోండి. 6.5 ఆంపియర్లు పోతే అక్కడ పుట్టే వేడి 21 వాట్లు. చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే, దాంతో సీసం కరిగిస్తారు! అంత వేడి ఒక్క పిన్నులో, బోద కొట్టంలో, పిల్లలు పడుకునే చోట. నల్లబడిన ప్లగ్గు, కాలిన వాసన వచ్చే బోర్డు కనిపిస్తే సర్దుకుపోకండి, ఆరోజే మార్పించండి.

ఈ సూత్రం చెప్పిన జార్జ్ ఓం జర్మనీలో తాళాలు చేసే ఆయన కొడుకు. వాళ్ల నాయన సొంతంగా చదువుకుని పిల్లలకు లెక్కలు నేర్పాడంట. 1827లో పుస్తకం వేస్తే మొదట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ మెడల్ ఇచ్చింది. మాకు ఈ సంగతి క్లాసులో ఎవరూ చెప్పలేదు, చెప్పింటే బాగుండేది.

మన ఇళ్లకు 230 వోల్టులు రావాలి, ఆరు శాతం అటూ ఇటూ, అంటే 216 నుంచి 244 వరకు. ఇన్నాళ్లూ మా పెద్దోళ్లు "కరెంటు సన్నగా వస్తాంది సారూ" అని చెప్పి వచ్చేవాళ్లు, సారూ తలూపేవాడు. ఈసారి వారం రోజులు సాయంత్రం ఆరు, ఏడు, ఎనిమిదికి వోల్టులు రాసి, తేదీలు వేసి, అర్జీకి జతచేసి రసీదు తీసుకున్నాం. 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు కూడా రాసుకున్నాం. ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా మారలేదు. రెండో అర్జీకి ఇంకో వారం లెక్కలు తీస్తున్నాం, మేము హాస్టల్లో ఉన్నాం కాబట్టి ఇప్పుడు మీటరు పట్టుకునేది తొమ్మిదో తరగతి చెల్లెలు. మీ తండాలో, మీ గూడెంలో ఏడు గంటలకు ఎంత చూపిస్తోందో కొలిచి, ఊరి పేరుతో గ్రూపులో పెట్టండి.