పేరుంది, పాట లేదు

కంప్యూటరులో దాచుకున్న పాట మాయమవటం రెండు రకాలు. పాట ఉండి కూడా దాని దారి తప్పటం ఒకటి, నిజంగానే పోవటం మరొకటి. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. పట్టికలో పేరు ఉంటుంది. నొక్కితే ఫైలు దొరకలేదంటుంది.

మచిలీపట్నంలోని మా ఇంటి సేకరణలో 412 పాటలున్నాయి. ఘంటసాల పాటలు, విజయవాడ ఆకాశవాణి భక్తిరంజనిలో పట్టుకున్నవి, వాటితో పాటు మా మేనత్త పాడిన మంగళహారతులు, పెళ్ళిపాటలు. ఆవిడది దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తరువాత గుడివాడ చేరుకున్నారు. ఊళ్ళో ఆవిడతో గొంతు కలిపినవారిలో చాలామంది ఆ రాత్రి పోయారు. మిగిలిన పాటలను నాన్నగారు 1989లో క్యాసెట్టుకు ఎక్కించారు. గుడివాడ దాపున చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాలవారి పాట పోతే ఇంకెక్కడైనా దొరుకుతుంది. మేనత్త పాట మరెక్కడా లేదు.

ఈమధ్య చూస్తే 37 పాటలు పలకలేదు. పాటలు వినిపించే ప్రోగ్రాము పాటను తనలో దాచుకోదు, దాని చిరునామా మాత్రమే రాసుకుంటుంది. ముందుగా ఒక పెన్‌డ్రైవు తగిలించి ఉండటంతో పాటల డిస్కుకు 'ఇ' బదులు 'ఎఫ్' అనే అక్షరం వచ్చింది. డిస్క్ మేనేజ్‌మెంటులో పాత అక్షరాన్ని తిరిగి ఇవ్వగానే 29 పాటలు పలికాయి.

మరో 6 పాటల పేర్లు తెలుగు లిపిలో ఉన్నాయి. యూనికోడు తెలియని పాత ప్రోగ్రాము ఆ అక్షరాలను ప్రశ్నార్థకాలుగా మార్చుకుని వెతుకుతుంది. విండోసులో ఫైలు పేరులో ప్రశ్నార్థకమే చెల్లదు. అందువల్ల ఎదురుగా ఉన్న ఫైలు కూడా దానికి కనబడదు. ప్రోగ్రామును మారిస్తే అవీ వచ్చాయి.

చివరి రెండింటి పరిమాణం సున్నా. రెండూ మేనత్తవే. ట్రంకుపెట్టెలోంచి క్యాసెట్టు తీస్తే తేమగాలికి టేపు మీద తెల్లని బూజు. అటువంటి టేపును అలాగే తిప్పితే బూజు ప్లేయరుకు అంటుకుని మిగిలిన క్యాసెట్లకూ పాకుతుంది. నీడన ఆరనిచ్చి, మెత్తని బట్టతో తుడిచి, ఒకేసారి తిప్పి రికార్డు చేసుకున్నాను. ఒక పాట దక్కింది. రెండవదాని చోట గరగర తప్ప మరేమీ లేదు.

ఈ జిల్లాలోనే ఉన్న మొవ్వ క్షేత్రయ్య ఊరంటారు. ఆయన 4,000కు పైగా పదాలు చెప్పాడని ప్రతీతి. మనకు మిగిలినవి కొన్ని వందలే. అవైనా ఆడేవారి, పాడేవారి నోళ్ళలో నిలిచినందువల్ల ఎన్నో దక్కాయి. అది తలపుకు వచ్చి, గుడివాడలో ఉన్న మేనత్త కూతురికి, మా వదినకు ఫోను చేశాను. ఆవిడకు పల్లవి, రెండు చరణాలు వచ్చు. మూడవది రాదు. వచ్చినంత పాడించి రికార్డు చేశాను, కాగితం మీద కూడా రాసుకున్నాను.

మీ ఇళ్ళలో ఇటువంటి క్యాసెట్లుంటే రెండు వేరువేరు చోట్ల నకళ్ళు ఉంచండి. పాటల మాటలు ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. అన్నిటికంటె ముందు, పాడగలిగినవారు ఉండగానే అడగండి.