ఉయ్యూరు నుంచి... ఉయ్యాలతో!

వధూవరులది ఒక ఊరు. పెళ్లి జరిగేది మరో ఊరు. ఫొటోలు తీసేవాళ్లది ఇంకో ఊరు. మధ్యలో ఎనిమిది నెలల పాపాయి! కెమెరా సంచీ ఒక భుజాన, పాలసీసాల సంచీ మరో భుజాన వేసుకుని కృష్ణా డెల్టా నుంచి కోనసీమ మీదుగా అన్నవరం కొండ దాకా సాగే ఓ ఫొటోగ్రాఫర్ దంపతుల ప్రయాణమిది.

మాఘమాసం. తెల్లవారుజాము నాలుగున్నర. ఉయ్యూరు సెంటర్లో టీకొట్టువాళ్లు అప్పుడే పొయ్యి వెలిగిస్తున్నారు. మాఘశుద్ధ ఏకాదశితో మొదలై పదిహేను రోజులు సాగే వీరమ్మతల్లి తిరునాళ్ల కాలమది. రాత్రంతా వెలిగిన రంగురంగుల దీపాలు ఇంకా ఆరలేదు. ఓ పక్క వీధిలో పాత కారు డిక్కీలోకి ఒక్కొక్కటే సామాను ఎక్కుతోంది. రెండు ట్రైపాడ్లు, లైటు స్టాండ్లు, తెల్లగొడుగు, కెమెరాల పెట్టె. వాటి పక్కనే... స్టీలు ఊచల మడత ఉయ్యాల, దోమతెర, ఉగ్గు వండే చిన్న గిన్నె, వేణ్నీళ్ల ఫ్లాస్కు!

‘‘అమ్మాయ్, పాప టోపీ మర్చిపోయావు. గోదారి గాలి మంచిది కాదు’’ అంటూ గుమ్మంలోంచి అత్తగారు.

‘‘మీ చేతిలో ఉన్నదేంటి అత్తయ్యా!’’ అంటూ కోడలు.

నవ్వుకుంటూ ముగ్గురూ ఎక్కుతారు. వెనక సీట్లో బిగించిన బేబీ సీటులో నాలుగోమనిషి మాత్రం హాయిగా నిద్రపోతోంది. సాయంత్రం దిండిలో ఒక పెళ్లి. మర్నాడు రాత్రి అన్నవరం కొండమీద మరో పెళ్లి. మూడోరోజుకు మళ్లీ ఇంటికి. ముహూర్తాలున్నన్నాళ్లూ ఈ కుటుంబానికి ఇదే తిరునాళ్లు.

పేర్లు మాత్రం వద్దంటారు ఆ దంపతులు. ‘‘మేం ఫొటోలు తీసేవాళ్లమేగానీ ఫొటోల్లో పడేవాళ్లం కాదు’’ అన్నది వాళ్ల మాట.

ఊరు దాటే పెళ్లిళ్లు

‘డెస్టినేషన్ వెడ్డింగ్’ అనగానే మనకు సినిమావాళ్లు గుర్తొస్తారు. 2017లో నాగచైతన్య, సమంతల పెళ్లి గోవాలో. 2020లో నిహారికది ఉదయ్‌పూర్‌లో. 2023లో వరుణ్‌తేజ్, లావణ్యలది ఇటలీలోని టస్కనీలో. 2024 డిసెంబరులో బ్యాడ్మింటన్ తార పి.వి.సింధు కూడా ఉదయ్‌పూర్‌లోనే పెళ్లి చేసుకుంది. విదేశాలకు వెళ్లి పెళ్లిళ్లు చేసుకోవడం ఎందుకు, మన దేశంలోనే చేసుకోండని 2023 నవంబరులో సాక్షాత్తూ ప్రధానమంత్రి నరేంద్రమోదీ ‘మన్ కీ బాత్’లో కోరారంటే ఈ మోజు ఎంతదాకా వెళ్లిందో ఊహించుకోవచ్చు.

నిజానికి పొరుగూరికి వెళ్లి పెళ్లి చేసుకోవడం తెలుగువారికి కొత్తేం కాదు. ‘పిల్లకి అన్నవరంలో పెళ్లి చేస్తానని మొక్కుకున్నాం’ అనే మాట వినని ఇల్లుంటుందా? తిరుమల, ద్వారకా తిరుమల, అన్నవరం... మన తాతల కాలం నుంచీ ఇవన్నీ ‘డెస్టినేషన్లే’! తిరుమలలో అయితే పేద, మధ్యతరగతి జంటల కోసం తితిదే 2016 నుంచి కల్యాణవేదికలో ఉచితంగా పెళ్లిళ్లు జరిపిస్తోంది. అప్పట్లో దేవుడి కోసం వెళ్లేవారు. ఇప్పుడు దేవుడితోపాటు నది, సముద్రం, కొబ్బరితోట కూడా కావాలంటున్నారు. అంతే తేడా.

కేసీపీ చక్కెర కర్మాగారంతో పేరు తెచ్చుకున్న ఉయ్యూరుకి ఈ తిరుగుడు భలే అనువైన చోటు. విజయవాడ-మచిలీపట్నం రోడ్డుమీద ఉంది కాబట్టి ఒకవైపు బెజవాడ, మరోవైపు బందరు, దాన్ని దాటితే మంగినపూడి బీచ్. పామర్రు దగ్గర మలుపు తిరిగితే గుడివాడ మీదుగా గోదావరి జిల్లాలు. ఎటు వెళ్లినా తెల్లారి బయలుదేరితే మధ్యాహ్నం భోజనాల వేళకు పెళ్లివారింట్లో ఉండొచ్చు!

పాపాయి చెప్పిన చోటే ఆగాలి

పెళ్లికాకముందు అతను ఒక్కడే బైకుమీద వెళ్లేవాడు. పెళ్లయ్యాక ఇద్దరూ కారులో. అప్పట్లో ఎక్కడా ఆగేవారు కాదు. ఇప్పుడు దారిలో ఎక్కడ ఆగాలో నిర్ణయించేది పాపాయే.

పామర్రు దాటి గుడివాడ చేరేసరికి తెల్లవారుతుంది. ముదినేపల్లి, కైకలూరు వైపు వెళ్లేకొద్దీ వరిచేలు తగ్గి చేపల చెరువులు పెరుగుతాయి. పొగమంచులో చెరువులమీద తిరిగే ఏరేటర్ల చప్పుడు, గట్లమీద కొబ్బరిచెట్లు, నీళ్లపై కొంగలు. పాప మొదటిసారి మేలుకునేది సాధారణంగా ఇక్కడే. చెరువుగట్టు పక్కన కారాపి, కిటికీకి చున్నీ కట్టి తల్లి పాలిస్తుంది. ఈలోపు అతను దిగి నాలుగు ఫొటోలు తీసుకుంటాడు. ఎవరూ డబ్బులివ్వని ఫొటోలు, తనకోసం తీసుకునేవి.

ఆకివీడు, ఉండి, భీమవరం. సోమారామం గోపురానికి కారులోంచే ఓ దండం. పాలకొల్లులో క్షీరారామం వైపు మరో దండం. పాపకి ఉగ్గు తినిపించేది ఇక్కడే. బియ్యం, పెసరపప్పు వేయించి రవ్వలా పట్టించినది అత్తగారు ఇంటినుంచే తెస్తారు. బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఏదీ అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతుంది. ఆ ఆరు నెలలూ ప్రయాణం ఒకరకంగా సులువేనంటుందామె. గిన్నెలూ గరిటెలూ మొదలైంది అన్నప్రాశన అయ్యాకే!

చించినాడ వంతెన ఎక్కగానే కింద వశిష్ఠ గోదావరి. వంతెన దిగితే దిండి. నదిఒడ్డున కొబ్బరితోటల మధ్య రిసార్టులు. పెళ్లిమండపం నీళ్లకు ఎదురుగా. చూడ్డానికి ఎంత బాగుంటుందో, పని చెయ్యడానికి అంత తంటా. ఏసీ గదిలోంచి కెమెరాను తిన్నగా నదిఒడ్డుకు తెస్తే ఆ తడిగాలికి లెన్సు మీద మంచు పట్టేస్తుంది. పెళ్లికొడుకు పడవలో వస్తుంటే ఫొటోగ్రాఫర్ లెన్సు తుడుచుకుంటూ కూర్చోవాల్సిందే. అందుకే అరగంట ముందే కెమెరాలను సంచీతో సహా బయట వరండాలో పెడతారు. పక్కనే పాప ఉయ్యాల. కెమెరాకీ పాపకీ కూడా ఆ గాలి కాస్త అలవాటు కావాలి మరి!

తెర తొలగిన క్షణం

తెలుగు పెళ్లిలో ఫొటోగ్రాఫర్‌కి అసలు పరీక్ష జీలకర్ర-బెల్లం. వధూవరుల మధ్య అడ్డుతెర. పురోహితుడు ముహూర్తం చూసి చెప్పగానే ఒకరి తలమీద ఒకరు చేయి పెడతారు. తెర తొలగుతుంది. అమ్మాయి కళ్లెత్తి అబ్బాయిని చూస్తుంది. మంగళసూత్రం కట్టేటప్పుడు కాస్త ఆగమని అడగొచ్చు. తలంబ్రాలు మరోసారి పోయమనొచ్చు. ఈ చూపును మాత్రం మళ్లీ చూడమని అడగలేరు. అందుకే పెళ్లికొడుకు వెనక ఒకరు, పెళ్లికూతురు వెనక ఒకరు ఉండాలి. అమ్మాయి చూపును పట్టుకోవడం ఆమె పని. అబ్బాయి ముఖం అతని పని.

కిందటి కార్తీకంలో ఒక పెళ్లి. పాపకి అయిదో నెల. సాయంగా తెచ్చుకున్న అమ్మాయి పాపను గదిలో ఆడిస్తోంది. ముహూర్తానికి అయిదు నిమిషాలుందనగా గదిలోంచి ఏడుపు. బాజాల హోరులోనూ తల్లి చెవికి అది వినబడింది. రెండు నిమిషాల్లో వచ్చేస్తానని భర్తకు సైగచేసి వెళ్లింది. పాప ఊరుకోలేదు. ఆమె పరుగున తిరిగొచ్చేసరికి తెర తొలగిపోయింది. పెద్దలు అక్షింతలు వేస్తున్నారు.

పెళ్లివారెవరూ ఆ పూట ఏమీ అనలేదు. నెల తర్వాత ఆల్బమ్ కోసం ఫొటోలు ఎంచుకుంటూ పెళ్లికూతురే అడిగింది... ‘‘అక్కా, నేను ఆయన్ని మొదటిసారి చూసిన ఫొటో లేదేంటి?’’

జవాబు లేదు. మిగతా డబ్బు తీసుకోకుండానే ఆల్బమ్ ఇచ్చేశారు. అయినా ఆ అమ్మాయికి ఆ ఫొటో లేదు, ఇక రాదు. ఆ తర్వాత నెలన్నరపాటు ఆమె కెమెరా పట్టలేదు. పిల్ల పెద్దదయ్యేదాకా ఇంట్లోనే ఉంటే సరిపోతుందని అయినవాళ్లంతా సలహా ఇచ్చారు.

సెలవు ఎవరిస్తారు?

ఉద్యోగం చేసే తల్లులకు జీతంతో కూడిన 26 వారాల ప్రసూతి సెలవు కల్పిస్తూ 2017లో చట్టాన్ని సవరించారు. కానీ సొంతంగా కెమెరా పట్టుకుని బతికేవారికి యజమాని ఎవరు, సెలవిచ్చేదెవరు? పైగా ఈ వృత్తికి పని దొరికేదే కొన్నాళ్లు. ఆషాఢంలో ముహూర్తాలుండవు. మూఢం వచ్చిందంటే వారాల తరబడి ఖాళీ. మాఘ, ఫాల్గుణ, వైశాఖాల్లో సంపాదించిందే ఏడాదంతా తినాలి. ఒక్క సీజన్ వదిలేస్తే మళ్లీ సీజన్‌కి పెళ్లివారు ఇంకొకరిని చూసుకుంటారు.

ఇంకో సంగతీ ఉంది. పెళ్లికూతుర్ని ముస్తాబుచేసే గదిలోకి ఆడమనిషి కెమెరాతో వస్తే ఆ ఇంటి ఆడవాళ్లకు ఎంతో నిశ్చింత. వడ్డాణం బిగిస్తూ తల్లి కళ్లు తుడుచుకోవడం, జడలో పూలు సర్దుతూ చెల్లెలు వెక్కిరించడం... ఇవి మగఫొటోగ్రాఫర్లకు దొరికే ఫొటోలు కావు. ఆమె లేని నెలన్నరలో అడ్వాన్సు ఇవ్వడానికొచ్చిన ప్రతి ఇంటివాళ్లూ మొదట అడిగింది ఆమె వస్తుందా అనే.

చివరికి ముడి విప్పింది అత్తగారు. ‘‘పిల్ల దగ్గర నేనుంటా. నువ్వు పని చూసుకో. ఊళ్లు తిరిగినట్టూ ఉంటుంది, దేవుణ్ని చూసినట్టూ ఉంటుంది’’ అని తేల్చేశారు. అప్పటినుంచీ ఇంట్లో కొన్ని నియమాలు. అడ్వాన్సు తీసుకునేటప్పుడే పాప వెంట వస్తుందని చెప్పాలి. మండపానికి దూరంగా ఒక గది అడగాలి. ముహూర్తానికి గంట ముందు పాలిచ్చి, ఆ తర్వాత పాప ఏడ్చినా నవ్వినా బాధ్యత నాయనమ్మదే. ఇద్దరిలో ఎవరైనా కదలాల్సివస్తే ఆ చోటు ఖాళీ కాకుండా ఇంకో కుర్రాణ్ని కెమెరాతో నిలబెట్టాలి. అతని ఖర్చు వాళ్ల లాభంలోంచే.

ఒప్పుకోని పెళ్లివారూ ఉన్నారు. పిల్ల ఏడిస్తే వీడియోలో పడుతుందని మొహమాటం లేకుండా చెప్పినవాళ్లున్నారు. అలాంటి పెళ్లిని వదులుకోవడమే మంచిదని ఇప్పుడు ఇద్దరి అభిప్రాయం.

రత్నగిరి మీద రాత్రి

దిండి నుంచి అన్నవరానికి దారంతా పచ్చదనమే. కోనసీమ కొబ్బరితోటలు, గోదావరి పాయలమీద వంతెనలు, యానాం, కాకినాడ, ఆపైన కత్తిపూడి. పంపానది పక్కన రత్నగిరి కనిపించేసరికి సాయంత్రం అవుతుంది. ముహూర్తాల రాత్రి ఈ కొండ నిద్రపోదు. ఒక మండపంలో తలంబ్రాలు, పక్క మండపంలో అప్పగింతలు, మెట్లమీద కొత్తజంటలు. ఎవరి సన్నాయి ఎవరిదో తెలియదు. తెల్లారితే వీళ్లలో చాలామంది సత్యనారాయణ వ్రతానికి కూర్చుంటారు.

రాత్రి పది దాటితే మైకులు ఆగిపోవాలన్నది శబ్దకాలుష్య నియమం. ఉత్త సన్నాయికి పాప బాగానే నిద్రపోతుంది. డీజే హోరుంటే మాత్రం నాయనమ్మ పాపను ఎత్తుకుని ఆ దరిదాపుల్లో ఉండరు.

ఆ రాత్రి ముహూర్తం ఒంటిగంట దాటాక. అడ్డుతెర పట్టారు. అతను పెళ్లికూతురి వెనక, ఆమె పెళ్లికూతురికి ఎదురుగా. సరిగ్గా అప్పుడే ఏడుపు... తన పాపదే. ఆమె భుజం ఒక్కసారి కదిలింది. కెమెరా కదల్లేదు. పురోహితుడి గొంతు పెరిగింది. భజంత్రీలు అందుకున్నారు. తెర తొలగింది. అమ్మాయి కళ్లెత్తింది. ఆ చూపు ఈసారి కెమెరాలో పడింది.

అప్పుడు వెనక్కి తిరిగిందామె. ఏడుపు ఎప్పుడో ఆగిపోయింది. పాప పెళ్లికూతురి అమ్మమ్మ ఒళ్లో కూర్చుని, ఆవిడ గాజులు పట్టి లాగుతోంది. ‘‘నీ పని నువ్వు చూసుకో తల్లీ. ముగ్గురు పిల్లల్ని పెంచినదాన్ని, నాకు తెలీదా?’’ అంది ఆ పెద్దావిడ. పక్కనే అత్తగారు, చేతిలో సెల్‌ఫోన్‌తో.

మూడోరోజు ఉయ్యూరు చేరాక మొదట చేసే పని ఫొటోలన్నిటినీ రెండు హార్డ్‌డిస్కుల్లోకి ఎక్కించడం. ఆ తర్వాతే స్నానం, అన్నవరం ప్రసాదం. ఆకుపొట్లం విప్పుతుండగా అత్తగారు ఫోను తెచ్చి చూపించారు. కాస్త చెదిరిన ఫొటో. ఓ మూల ఆవిడ బొటనవేలు. ముందు కెమెరా కంటికి ఆనించుకున్న కోడలు, వెనక ముసలావిడ ఒళ్లో పాప.

వేలకొద్దీ పెళ్లిఫొటోలు తీసిన ఆ ఇంట్లో తల్లీబిడ్డా కలిసి ఉన్న ఫొటో అప్పటిదాకా ఒక్కటీ లేదట. ఇప్పుడది ముందుగదిలో గోడమీద ఉంది... బొటనవేలితో సహా!

పాపతో పయనమా?

* కెమెరాల అదనపు బ్యాటరీలను విమానంలో చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు. చేతిసంచీలోనే ఉంచుకోవాలి. పాప సంచీకి కూడా చోటుండేలా ముందే సర్దుకోవాలి.

* కారులో పాపను ఒళ్లో కాకుండా వెనక సీట్లో బిగించిన బేబీ సీటులోనే కూర్చోబెట్టాలి. రెండు గంటలకోసారి ఆగాలి.

* డీజే పెట్టెలకు, బాణసంచాకు పసిబిడ్డను దూరంగా ఉంచాలి. ఫ్లాష్ లైట్లు పాప ముఖంమీద పడకుండా చూసుకోవాలి.

* ఫొటోలున్న రెండు హార్డ్‌డిస్కులనూ ఒకే సంచీలో పెట్టకూడదు. ఒకటి పోయినా రెండోది మిగులుతుంది.

* ఉగ్గు, కాచి చల్లార్చిన నీళ్లు, గిన్నె, చెంచా ఇంటినుంచే తీసుకెళ్లడం మేలు. విందు ఎంత ఘనంగా ఉన్నా పాపాయికి పెట్టదగింది అక్కడ దొరక్కపోవచ్చు!