యాడికీ పోని ఓడ

టికెట్టు మీద బయల్దేరే చోటు: మెరీనా బే క్రూజ్ సెంటర్, సింగపూర్. చేరే చోటు: మెరీనా బే క్రూజ్ సెంటర్, సింగపూర్. మా అమ్మకి ఇంగ్లీషు చదవడం రాదు. కానీ రెండు గళ్ళలోనూ ఒకే రకం అక్షరాలు ఉన్నాయని చూడగానే పట్టేసింది.

"ఇదేంది పాపా, ఎక్కేదీ ఈడనే, దిగేదీ ఈడనేనా?"

"అంతేమా. సముద్రంలోకి పోయి, మూడు రాత్రులు తిరిగి, మళ్ళీ ఇక్కడికే తెస్తారు."

"యాడికీ పోనిదానికి దుడ్డెందుకు ఇయ్యల్ల?"

అది న్యాయమైన ప్రశ్నే. దాన్ని సింగపూర్‌లో అప్పుడు అడిగినవాళ్ళు తక్కువ. 2020 నవంబర్‌లో 'క్రూజ్ టు నోవేర్' మొదలైంది. ఏ రేవులోనూ ఆగదు. ఓడలో సగం మందినే ఎక్కించుకుంటారు, అదీ ఇక్కడ ఉంటున్నవాళ్ళనే. ఎక్కేముందు కోవిడ్ టెస్టు తప్పదు. అంతకుముందు నెల సింగపూర్ ఎయిర్‌లైన్స్ వాళ్ళు చాంగీ విమానాశ్రయంలో ఆపి ఉంచిన ఏ380 విమానాన్ని హోటల్‌గా మారిస్తే, కదలని విమానంలో భోంచెయ్యడానికి జనం నిమిషాల మీద టికెట్లు కొనేశారు. బయటికి పోలేని చిన్న దేశం అది. పోయినట్టు అనిపిస్తే చాలు, డబ్బులు ఇవ్వడానికి అందరూ సిద్ధంగా ఉన్నారు. నేనూ ఆ అందరిలో ఒకదాన్నే. మా అమ్మ మాత్రం కాదు. ఆమెకి 'పోవడం' అంటే ఒకే ఒక చోటు: ఆమడగూరు.

ఆమడగూరు తెలియనివాళ్ళకి: కదిరి, గోరంట్ల అటూ ఇటూ ఉంటే మధ్యలో మా మండలం. అప్పటికి అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. మా పాత జిల్లా సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర. సింగపూర్‌లో 2,000 దాటుతుంది. వచ్చిన కొత్తలో అమ్మ పదకొండో అంతస్తు కిటికీ దగ్గర నిలబడి, మధ్యాహ్నం కురిసే వాన రోడ్డు పక్క కాలవలో కొట్టుకుపోతుంటే చూసి "ఇంత వాన ఎవురికి?" అనేది. వాన పడిందంటే ఎవరికో ఒకరికి పనికి రావాలి కదా అని ఆమె లెక్క.

ఆమె వచ్చింది 2020 ఫిబ్రవరిలో, నా కాన్పుకి. సరిగ్గా ఆ రోజుల్లోనే జపాన్‌లో యొకొహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ ఓడ నిలబడిపోయి ఉంది. 3,711 మంది. అందులో 700 మందికి పైగా జబ్బు సోకింది. మన దేశం వాళ్ళు 119 మందిని ఫిబ్రవరి 27న ఎయిర్ ఇండియా విమానంలో ఢిల్లీకి తెచ్చారు. టీవీలో పొద్దస్తమానం ఆ తెల్ల ఓడే. అమ్మ జీవితంలో చూసిన మొదటి క్రూజ్ ఓడ అది. అంటే, లోపలున్నవాళ్ళు బయటికి రాలేని ఇల్లు అని ఆమె మనసులో అచ్చు పడిపోయింది.

బాబు పుట్టాడు. అమ్మ మే నెలలో తిరిగి వెళ్ళాలి, వేరుశనగ విత్తేలోపు. మార్చి చివరికల్లా భారతదేశానికి మామూలు విమానాలు ఆగిపోయాయి. ఏప్రిల్ 7న సింగపూర్‌లో 'సర్క్యూట్ బ్రేకర్' పెట్టారు. మే 7 నుంచి వందే భారత్ విమానాలు మొదలయ్యాయి గానీ పేరు నమోదు చేసుకుని పిలుపు కోసం ఎదురుచూడాలి. మాకు రెండుసార్లు పిలుపు వచ్చింది. ఒకసారి తేదీ మారింది, ఒకసారి మా బాబుకి జ్వరం. ఆగస్టులో మా అవ్వ పోయింది. అమ్మకి అమ్మ. మా మామ కొడుకు ఫోన్ పట్టుకుని వీడియో చూపిస్తుంటే, సరిగ్గా పాడె లేపే వేళకి సిగ్నల్ ఆగి, తెర మీద అవ్వ ముఖం కాకుండా ఎవరిదో భుజం నిలబడిపోయింది. అమ్మ ఆ భుజం వైపే చాలాసేపు చూసింది. ఏడవలేదు. లేచి బాబుకి పాలు కలిపింది.

ఆ తర్వాత మా ఇంట్లో ఫోన్ మోగితే ఒక పద్ధతి మొదలైంది. ముందు ఎవరి పేరో చూడాలి, తర్వాత టైము చూడాలి. ఇండియాలో తెల్లవారుజామైతే అమ్మ ఎత్తదు, నాకు అందిస్తుంది. రాత్రి ఫోన్ తలగడ కింద పెట్టుకుని పడుకునేది. పడుకునేది అంతే, నిద్రపోయేది కాదు.

ఆ రోజుల్లో మా ఆఫీసులో వారానికొక వెబినార్. 'అంచనాలను మేనేజ్ చేసుకోండి' అనేది ప్రతిదాంట్లోనూ వచ్చే మాట. వినడానికి తెలివైన మాటలాగే ఉంటుంది. నాకు మాత్రం అది ఎప్పుడూ ఎదురుచూసేవాడి నెత్తినే బరువు పెట్టే మాటలాగా వినిపించేది. తేదీలు మార్చేవాళ్ళు మారుస్తూ ఉంటారు, నువ్వు ఆశ తగ్గించుకో అని. ఎంత తగ్గించుకోవాలి? ఎన్నాళ్ళ వరకు? అది ఎవరూ చెప్పరు.

మా అమ్మకి ఆ 'ఎన్నాళ్ళ వరకు' అనేది తెలుసు. మా వైపు మెట్ట సేద్యం తెలిసిన ఎవరికైనా తెలుసు. జూన్, జూలైలో పదునైన వాన పడితే వేరుశనగ వేస్తారు. పడకపోతే విత్తనాలు ఇంట్లో పెట్టుకుని మబ్బు చూస్తూ కూచుంటారు. కానీ ఆ కూచోడానికి ఒక హద్దు ఉంటుంది. ఆగస్టు మొదటి వారాలు దాటితే చెనిక్కాయ మాట వదిలేస్తారు. ఆ తర్వాత ఎంత మంచి వాన పడినా వెయ్యరు. కాయ ఊరే కాలానికి తేమ ఉండదు. అప్పుడు ఉలవలు చల్లుతారు. ఉలవ ఎప్పుడూ చెనిక్కాయకి సమానం కాదు, డబ్బు రాదు. కానీ గుగ్గిళ్ళకి ఉంటాయి, చారుకి ఉంటాయి, ఎద్దులకి ఉంటాయి. ఉలవలు చల్లినవాడిని ఊళ్ళో ఎవరూ ఆశ తగ్గించుకున్నాడు అనరు. కాలం దాటింది, పంట మార్చాడు అంటారు. నాకు ఇందులో నచ్చేది ఉలవలు కాదు, ఆ గడువు.

(2020లో మా వైపు వానలకి కొదవ లేదు. కరువు తీరా పడ్డాయి. తీరినాక కూడా ఆగలేదు. చెట్టు పీకే వేళకి చేను బురద. మా నాయన ఒక్కడే, వంట చేసుకుంటూ, కూలోళ్ళు దొరక్క, భూమిలోనే మొలకలొచ్చిన కాయల్ని వాట్సాప్‌లో ఫోటో తీసి పంపాడు. కింద ఏమీ రాయలేదు.)

అమ్మ కూడా గడువు పెట్టింది. "సంకురాత్రి దాకా చూస్తా. ఆ పైన టికెట్టు మాట నేను అడగను, మీరూ చెప్పొద్దండి. దొరికిన రోజు పోతా." 2021 సంక్రాంతి వచ్చింది, పోయింది. కనుమ నాడు నేను ఓడ సంగతి తీశాను. ఆమె 'యాడికీ పోనిదానికి' అని అడిగింది అప్పుడే. అడిగాక ఒక పూట ఆలోచించి, "ఒడ్డు కనపడకుండా పోతాదా?" అంది. పోతుందన్నాను. "అయితే సరే."

మా ఆయనే వెనకాడాడు. కారణం ఉంది. డిసెంబర్‌లో క్వాంటమ్ ఆఫ్ ద సీస్ అనే ఓడ ఇలాగే యాడికీ పోని ప్రయాణంలో ఉండగా, 83 ఏళ్ళ పెద్దాయనకి టెస్టులో పాజిటివ్ వచ్చింది. ఓడని వెనక్కి తిప్పి 9వ తేదీన రేవుకి తెచ్చారు. 1,680 మంది ప్రయాణికులు గంటల తరబడి గదుల్లోనే. తర్వాత ఒడ్డు మీద మళ్ళీ పరీక్ష చేస్తే ఆయనకి ఏ జబ్బూ లేదని తేలింది. యాడికీ పోకుండా ఉండటం కూడా పూర్తిగా చెయ్యనివ్వని కాలం అది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటారు కదా, ఇక్కడ దాటే ఏరే లేదు, మల్లయ్యని మధ్యలోనే దించేస్తున్నారు.

అందుకని ఎక్కేముందే అమ్మకి మూడు విషయాలు చెప్పాను. చివరి నిమిషంలో రద్దు కావచ్చు. ఎక్కాక మూడు రాత్రులూ గదిలోనే ఉండాల్సి రావచ్చు. మధ్యలో వెనక్కి రావచ్చు. ఆమె తల ఊపి, "కూడు పెడతారా?" అని అడిగింది. పెడతారన్నాను. తర్వాత తన షరతు ఒకటి పెట్టింది. ఊళ్ళో ఎవరికీ చెప్పకూడదు. నాయనకి కూడా. ఆయనా ఆ జపాన్ ఓడని టీవీలో చూశాడు, చెబితే నిద్రపోడు. మా తేదీ ఒకసారి మారింది కూడా. ఆ మెయిల్ వచ్చిన రోజు ఇంట్లో మొహం మాడ్చుకోని మనిషి ఆమె ఒక్కతే.

ఫిబ్రవరిలో ఎక్కాం. ముక్కులో పుల్ల, మెడలో ట్రేస్‌టుగెదర్ టోకెన్. అమ్మ దాన్ని తాయెత్తులాగా జాకెట్టు లోపలికి వేసుకుంటే, బయటికి కనబడాలని సిబ్బంది సైగ చేశారు. ఈతకొలనుకి స్లాటు, నాటకానికి స్లాటు. బఫేలో ఎవరి చేత్తో వాళ్ళు వడ్డించుకోకూడదు, అద్దం వెనక నుంచి వడ్డిస్తారు. సగం కుర్చీల మీద కూచోవద్దని గుర్తులు. విహారం అనే మాటకి ఇదేనా అర్థం అని విసుక్కుంటున్న జంటలు మా ముందు వరసలో ఉన్నాయి. వాళ్ళని తప్పు పట్టలేను, బ్రోషర్‌లో మాస్కులు లేవు.

వడ్డించే అబ్బాయిల్లో ఒకడు మేం మాట్లాడుకునేది విని, "తెలుగోళ్ళాండీ?" అన్నాడు. శ్రీకాకుళం వైపు. అమ్మ మాట అతనికి సగం, అతని మాట అమ్మకి సగం అర్థమయ్యాయి. ఇంటికి పోయి ఎన్నాళ్ళయింది నాయనా అని అడిగింది. "పదకొండు నెల్లయిపోయిందమ్మా. మేం దిగడానికి లేదు, రేవు వచ్చినా." 2020 చివరికి ప్రపంచం మొత్తం మీద కాంట్రాక్టు అయిపోయినా ఇంటికి చేరలేని నావికులు 4 లక్షల మంది అని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ లెక్క చెప్పింది. ఆ అంకె నేను అంతకుముందే చదివాను. అద్దం వెనక అన్నం గరిటెతో నిలబడితే అది వేరేగా ఉంటుంది.

మొదటి రాత్రి బాల్కనీలోంచి చూస్తే సముద్రం కనిపించనే లేదు, దీపాలు కనిపించాయి. సింగపూర్ జలసంధి నిండా లంగరు వేసిన సరుకు ఓడలు. "టోల్‌గేట్ కాడ లారీలు నిలబడినట్ల ఉండాయే," అంది అమ్మ. ఒక్కొక్క దాంట్లో ఎంతమంది ఉంటారని అడిగింది. ఇరవై మంది ఉండొచ్చన్నాను. ఆమె నిద్ర వచ్చేదాకా దీపాలు లెక్కపెట్టింది.

రెండో రోజు ఒడ్డు లేదు. నాలుగు పక్కలా నీళ్ళే. మా నాయన వేయించిన బోర్లలో మూడు ఎండిపోయినవి. ఆ మనిషి పెళ్ళాం, ఆ నీళ్ళని చూసి పొంగిపోతుందని నేను ఎదురుచూశాను. "గట్లు లేని చేను మాదిరి ఉండాది" అని ఒక్క మాట అని, లోపలికి వచ్చి పడుకుంది. మధ్యాహ్నం భోజనానికి లేపితే లేవలేదు. బాబు ఏడ్చినా లేవలేదు. సాయంత్రం ఐదున్నరకి లేచింది. రాత్రి మళ్ళీ తొమ్మిదికే పడుకుని పొద్దున ఏడుకి లేచింది. మా ఆయన కంగారుపడి జ్వరం ఉందేమో చూడమన్నాడు. లేదు.

నాకు మూడో రోజు పొద్దున అర్థమైంది. ఓడలో సిగ్నల్ లేదు. వైఫైకి వేరే డబ్బులు, మేం కట్టలేదు. ఆమె ఫోన్ తలగడ కింద కాకుండా సూట్‌కేసు లోపల, చీరల మధ్యలో ఉంది. అవ్వ పోయిన దగ్గర్నుంచి మొదటిసారి, మోగడానికి వీల్లేని చోట ఉంది మా అమ్మ. ఏ వార్త అయినా రేవు దాకా ఆగాల్సిందే.

ఆ సాయంత్రం బాల్కనీలో కూచుని ఆమె అవ్వ గురించి మాట్లాడింది. పోవడం గురించి కాదు. అవ్వ సంగటి కెలికే కట్టె గురించి, చౌడమ్మ తిరునాళ్ళలో గాజులు బేరమాడటం గురించి, చిన్నప్పుడు తనని కొట్టిన ఒక దెబ్బ గురించి. మధ్యలో ఏడ్చింది. నేను చెయ్యి పట్టుకోబోతే, "ఉండు పాపా," అని తనే తుడుచుకుని, దెబ్బ ఎందుకు పడిందో చెప్పింది. రాత్రి భోజనానికి ఆలస్యమైపోయింది. మా స్లాటు దాటిపోయింది. శ్రీకాకుళం అబ్బాయి ఎలాగో పెరుగన్నం తెచ్చి పెట్టాడు.

దిగే రోజు అమ్మ తన సంచిలోంచి చెనిక్కాయల పొడి డబ్బా తీసి అతనికి ఇచ్చింది. వాళ్ళు ప్రయాణికుల దగ్గర తిండి వస్తువులు తీసుకోకూడదట. అటూ ఇటూ చూసి తీసుకున్నాడు.

రేవు దగ్గరవుతుంటే మా అందరి ఫోన్లూ ఒక్కసారి టింగుటింగుమన్నాయి. అమ్మ ఫోన్‌లో నాయనవి ఏడు మిస్డ్ కాల్స్. నా గుండె ఆగింది. ఆమె తాపీగా కళ్ళజోడు పెట్టుకుని, ఆయనకి ఫోన్ చేసింది. అటు నుంచి ఆయన గొంతు నాకు కూడా వినిపిస్తోంది. ఏమీ కాలేదు, బోరు మోటారు కాలిపోయిందంట, చుట్టించేకి బీరువా తాళం యాడ పెట్టినావని అడగడానికి. అడిగి, ఆగి, మూడు దినాల నుంచి ఫోన్ ఎత్తవు, అందరూ యాడికి పోతిరి అన్నాడు.

"యాడికీ పోలేదులే," అంది అమ్మ. "తాళం బియ్యం డబ్బాలో ఉంది చూడు."