లంకలో ఉదయాహారము

శ్రీలంకకు బోవు సోదరీమణులు ఉదయమున రొట్టెముక్కలతో సరిపెట్టుకొన నక్కరలేదు. కొలంబోలో మేము వేడి ఇడియాప్పములు, కొబ్బరిపాలతో వండిన పప్పు కడుపార భుజించితిమి. శాకాహారులు మాత్రము జాగ్రత్తపడవలెను. ప్రక్కన వడ్డించు 'పొల్ సంబోల్' అను ఎఱ్ఱని కొబ్బరిపచ్చడిలో ఎండుచేపపొడి కలుపుట అచ్చటి వాడుక. పప్పులోను ఒక్కొక్కచోట వేయుదురు. చూచిన తెలియదు, అడిగినగాని చెప్పరు. వెల్లవత్తపేటలోని తమిళుల శాకాహారశాలలలో ఈ చింత లేదు.

మాకన్నిటికంటె నచ్చినది 'కొలకెంద'. సరస్వతీ ఆకు నూఱి, ఆ రసమును కొబ్బరిపాలతోగూడ బియ్యపుజావలో గలిపి కాచెదరు. ఆ పచ్చనిరంగు చూచి మా పిల్లలు మొగము ద్రిప్పుకొనిరి గాని, జీలుగుబెల్లము కొఱుకుచు త్రాగిన పిమ్మట మఱియొక గిన్నె యడిగిరి. మధ్యాహ్నమువఱకు ఎవరును ఆకలి మాట యెత్తలేదు.